విధి నిర్వహణలో మన్రో దొర

తిరుమల శ్రీవారి నైవేద్యానికి సంబంధించిన మన్రో గంగాళం మాట వినని పెన్షనరు మిత్రులు మనలో తక్కువ. ఆ పేరుగల సర్ థామస్ మన్రో మనకు పాలకునిగానే పరిచితులు. నిజానికి వారు మొదట సైనికులు. ఆపద వేళ బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు వారి జీవితమే సమాధానం.

1761 మే 27న గ్లాస్గోలో జన్మించి, కంపెనీ సైన్యంలో చేరి 1780లో మద్రాసు వచ్చారు. ఆ సెప్టెంబరులోనే కాంచీపురం సమీపాన పొల్లిలూరు వద్ద హైదరాలీ సేనలు కర్నల్ బెయిలీ దళాన్ని తుడిచిపెట్టాయి. దగ్గరలోనే ఉన్న ప్రధాన సైన్యం సకాలంలో ఆదుకోలేదు. మన్రో ఆ ప్రధాన సైన్యంలోనే ఉన్నారు. పైవారి జాప్యానికి కిందివారు బలికావడం పంతొమ్మిదేళ్లకే చూశారు.

1800 నుండి 1807 వరకు దత్తమండలాల ప్రిన్సిపల్ కలెక్టరుగా పనిచేశారు. నేటి వాయల్పాడు, మదనపల్లె ప్రాంతాలు అప్పుడు ఆ మండలాల్లోనివే. పాళెగాళ్ల అలజడి చల్లారని ఆ రోజుల్లో సిపాయీల కాపలా లేకుండానే ఊరూరా తిరిగి, గుడారాల్లో బస చేశారు. తుపాకుల కంటే రైతుల నమ్మకమే గట్టి రక్షణ అని ఆచరణలో చూపారు.

1820లో మద్రాసు గవర్నరయ్యారు. స్వదేశం వెళ్లాలని తలచినా, 1824లో బర్మా యుద్ధం రావడంతో ఆగిపోయారు. 1826లో జబ్బుపడిన కుమారునితో భార్య ఇంగ్లండు వెళ్లినా, తాము ఇక్కడే ఉండిపోయారు.

1827లో, సెలవు తీసుకునే ముందు దత్తమండలాలను చివరిసారి చూడాలని బయలుదేరారు. గుత్తి చేరేసరికి విడిదిలో కలరా కనిపించింది. జూలై 6న పత్తికొండలో వారికీ సోకింది. గాలి వల్ల అంటుతుందని నమ్మే కాలమది. నీటి ద్వారా వస్తుందని అప్పటికి తెలియదు. మంచం పట్టిన మన్రో, తమ కోసం ఇతరులు ఆపదలో పడరాదని, గదిలోంచి వెళ్లిపొమ్మని మిత్రులను పదేపదే కోరారు. ఆ రాత్రే కన్నుమూశారు.

కలరా రోజుల్లో ఆ పర్యటన అవసరమా అని నేడు మనకు తోచవచ్చు. వారిది కోరి చేసిన ప్రయాణం. వెంట నడిచిన సిపాయీలకు, నౌకర్లకు అది విధి. పెద్ద పదవిలో ఉన్నవారు తమ సాహసంతోపాటు వెంట ఉన్నవారి క్షేమాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. మన్రోకు చివరి ఘడియలోనూ ఆ ఎరుక ఉంది. నేడు ఉద్యోగాల్లో ఉన్న మన బిడ్డలకు మనం చెప్పవలసిన మాట ఇదే.