కాటా చేతపట్టిన కోకో రైతులకు అభినందనలు

ఘనా దేశంలో కుమాసి నగరం కేంద్రంగా నడిచే కువాపా కోకూ రైతుల సహకార సంఘానికి 1995లో, రైతుకు న్యాయమైన ధర దక్కాలని చూసే ఫెయిర్‌ట్రేడ్ గుర్తింపు వచ్చింది. 2025తో ఆ గుర్తింపుకు ముప్ఫై ఏళ్లు నిండాయి. కొబ్బరి చెట్ల నీడన కోకో పండించే మన గోదావరి జిల్లాల రైతుల పక్షాన, పంట చేతికొచ్చాక ధర కోసం ఎదురుచూడటం ఎంత కష్టమో తెలిసిన తెలుగువారందరి పక్షాన, ఆ సంఘంలోని అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు మనసారా శుభాకాంక్షలు.

సంఘం పుట్టింది అంతకు రెండేళ్ల ముందు, 1993లో. ఘనా ప్రభుత్వం అప్పుడే కోకో కొనుగోళ్లలోకి ప్రైవేటు వ్యాపారులను అనుమతించింది. విదేశాలకు అమ్మే అధికారాన్ని మాత్రం ప్రభుత్వ కోకో బోర్డు తన దగ్గరే ఉంచుకుంది. ఊళ్లో గింజలు కొని బోర్డుకు చేర్చే లైసెన్సు వ్యాపారి తీసుకోగలిగినప్పుడు రైతులు మాత్రం ఎందుకు తీసుకోకూడదు? బోర్డులో రైతుల ప్రతినిధిగా ఉన్న నానా ఫ్రింపాంగ్ అబ్రెబ్రెసే, ఆయనతో కలిసిన రైతులు ఈ ప్రశ్న వేసుకున్నారు. లండన్‌కు చెందిన ట్విన్ ట్రేడింగ్ సంస్థ చేయూతనిచ్చింది. రైతులే యజమానులుగా ఒక కొనుగోలు కంపెనీ నిలబడింది.

ఆ కంపెనీ చేసిన మొదటి మేలు తూకంలో కనిపించింది. కాయలు కోసి, పగలగొట్టి, గుజ్జుతో సహా గింజలను అరటి ఆకుల మీద కుప్పపోసి, మళ్లీ ఆకులే కప్పి దాదాపు ఆరు రోజులు పులియబెడతారు. ఆ తర్వాత ఎత్తుగా కట్టిన చాపల మీద పోసి, రోజూ కలియబెడుతూ, వాన మబ్బు పడితే కప్పుతూ, పనికిరాని గింజలు ఏరేస్తూ ఆరబెడతారు. ఇంటిల్లిపాదీ ఇంత చాకిరీ చేసి బస్తా మోసుకెళ్తే, కొనేవాడి కాటా కిలోలకు కిలోలు మింగేసేది. ఘనాలో 16 బస్తాలైతే ఒక టన్ను. బస్తా బస్తాకూ కాస్త కోత పడితే సీజను ముగిసేసరికి పిల్లల ఫీజు డబ్బులు కాటాలోనే పోయినట్టు. తరుగు పేరుతో నష్టపోయిన తెలుగు రైతుకు ఈ బాధ విడమరిచి చెప్పనక్కర్లేదు.

కువాపా కోకూ ఆ కాటాను ఊరివాళ్ల చేతిలో పెట్టింది. ప్రతి ఊరి సంఘం తనలోంచే ఒకరిని రికార్డరుగా ఎన్నుకుంటుంది. తూచేదీ, లెక్క రాసేదీ, డబ్బు చెల్లించేదీ ఆ మనిషే. తప్పుడు తూకం తూస్తే సాయంత్రం అదే వీధిలో నడిచి ఇంటికి వెళ్లాలి, మర్నాడు సంఘం ముందు నిలబడాలి. ఫెయిర్‌ట్రేడ్ గురించి మాట్లాడేవాళ్లు ప్రీమియం డబ్బు గురించే ఎక్కువ చెబుతారు. నా దృష్టిలో ఈ సంఘం చేసిన అసలు పని తూకం నిజాయితీగా ఉంచడం. మిగతావన్నీ ఆ నమ్మకం మీదే నిలిచాయి.

ప్రీమియం తక్కువదని నా ఉద్దేశం కాదు. ఫెయిర్‌ట్రేడ్ లెక్కన అమ్ముడైన ప్రతి టన్నుకూ ధర మీద అదనంగా వచ్చే సొమ్ము అది. 2019 అక్టోబరులో దాన్ని 200 డాలర్ల నుంచి 240 డాలర్లకు పెంచారు. దాన్ని దేనికి ఖర్చు పెట్టాలో సభ్యులే సభలో తేల్చుకుంటారు. బోర్లు, బడి గదులు, మొక్కజొన్న పిండి మరలు అలా వచ్చినవే. ఊళ్లో బోరు పడితే ఆడపిల్లకు నీళ్ల మోత తప్పుతుంది, ఆ పొద్దు బడికి మిగులుతుంది. పండిన పంటంతా ఫెయిర్‌ట్రేడ్ కింద అమ్ముడుపోదు, అమ్ముడైన మేరకే ప్రీమియం. అయినా ఆ కొద్దిపాటి సొమ్మును ఊరి ఉమ్మడి అవసరాలకు మళ్లించిన తీరు మెచ్చుకోదగ్గది.

ఆ తర్వాత వేసిన అడుగు మరీ సాహసం. 1997లో కుమాసిలో జరిగిన సర్వసభ్య సమావేశంలో, మన గింజలతో మన చాక్లెట్టే చేయిద్దామని రైతులు ఓటు వేశారు. 1998లో బ్రిటన్‌లో డివైన్ చాక్లెట్ కంపెనీ మొదలైంది. అందులో మూడోవంతు వాటా కువాపా కోకూది. 2006లో బాడీ షాప్ సంస్థ తన వాటాలను రైతులకే ఇచ్చేయడంతో అది 45 శాతానికి చేరింది. మరుసటి ఏడాది రైతులు మొదటి లాభాంశం అందుకున్నారు. గింజ అమ్మి ఇంటికి పోవాల్సిన రైతు, చాక్లెట్టు కంపెనీ బోర్డు గదిలో కూర్చుని లెక్కలు అడిగాడు! 2020లో ఒక జర్మన్ సంస్థ ఆ కంపెనీలో అధిక వాటా తీసుకోవడంతో రైతుల వాటా 20 శాతానికి తగ్గింది. తగ్గిందన్న బాధ నాకుంది. అయినా పంట పండించినవారు ఇంకా ఆ కంపెనీలో వాటాదారులే.

మహిళల మాట చెప్పకపోతే ఈ అభినందన అసంపూర్ణం. ఊరి కమిటీల్లో వాళ్లకు స్థానాలు ఉండి తీరాలని నియమం పెట్టుకున్న సంఘమిది. క్రిస్టియానా ఒహెనే అజ్యారె అనే మహిళా రైతు జాతీయ అధ్యక్షురాలయ్యారు. పొలంలో ఎంతో చాకిరీ చేసి, డబ్బు చేతికొచ్చే వేళకు పక్కకు తప్పుకోవాల్సి వచ్చే ఆడవాళ్లను కాటా దగ్గరా, కమిటీలోనూ కూర్చోబెట్టడం చిన్న సంగతి కాదు.

2009లో సంఘానికి కఠిన పరీక్ష ఎదురైంది. తనిఖీ చేసిన 33 ఊళ్లలో 7 చోట్ల పిల్లలతో ప్రమాదకరమైన పనులు చేయిస్తున్నట్టు తేలింది. సంఘం ఆ ఏడు ఊళ్ల నుంచి కొనుగోళ్లు ఆపేసింది. సొంత సభ్యుల మీద, కొనుగోలు సీజను మొదలయ్యే వేళ, అలాంటి నిర్ణయం తీసుకోవడానికి గుండె దిటవు కావాలి. వాళ్ల మీద నాకు గౌరవం పెరిగింది ఇక్కడే.

ఇప్పుడు ఘనా కోకోకు గడ్డుకాలం. స్వోలెన్ షూట్ వైరస్ తోటల్ని తినేస్తోంది, అక్రమ బంగారు తవ్వకాలు భూమిని పాడుచేస్తున్నాయి, వానలు వేళ తప్పుతున్నాయి. పంట తగ్గడంతో 2024 డిసెంబరులో ప్రపంచ మార్కెట్లో టన్ను ధర 12,000 డాలర్లు దాటి, ఆ తర్వాత దిగజారింది. ఆ కుదుపు ఏలూరు దాకా వచ్చింది. 2024 వేసవిలో మన దగ్గర కిలో వెయ్యి రూపాయలు పలికిన గింజలు మరుసటి ఏడాది కొనేవాళ్లు లేక ఇళ్లలో ఉండిపోయాయి. రైతులు రోడ్డెక్కారు. చివరకు రాష్ట్ర ప్రభుత్వం కిలోకు 50 రూపాయలు తన వంతుగా కలపాల్సి వచ్చింది. దేశంలో కోకో ఎక్కువగా పండించేది ఆంధ్రప్రదేశే అయినా, ధర చెప్పే వంతు వచ్చేసరికి మన రైతు ఒంటరివాడు.

అందుకే గోదావరి జిల్లాల కోకో రైతు సంఘాలకు ఒక విన్నపం. ఈసారి మీరు సభ పెట్టుకున్నప్పుడు కువాపా కోకూ నుంచి ఒక రికార్డరును, ఒక మహిళా ప్రతినిధిని పిలిపించండి. ఊరి కమిటీని ఎలా ఎన్నుకుంటారో, తూకం లెక్కలు ఎలా రాస్తారో, ప్రీమియం ఎలా పంచుకుంటారో వాళ్ల నోటే వినండి. శాలువా కప్పి, మన తోటల్లో పండిన గింజలతో చేసిన చాక్లెట్టు చేతిలో పెట్టి పంపండి.