శ్రవణ ద్వారం – ఫిడేలు నాయుడు గారి జీవితం

బొబ్బిలి అనగానే తాండ్ర పాపారాయుని ఖడ్గంతో పాటు మనకు స్ఫురించేది వీణ. బొబ్బిలి సమీపాన గల గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశీయులు పనసమానును తొలిచి ఏకాండి వీణలను మలచే తీరు మన విద్యార్థులలో కొందరు చూచియే ఉంటారు. ఆ వీణకు 24 మెట్లు. వాటిని మైనముపై ఎక్కడ నిలపవలెనో శిల్పి తన చెవితో నిర్ణయించి మేళం కడతాడు. అటుపిమ్మట వాదకుని వ్రేళ్ళకు ఆ మెట్లే దారి చూపుతాయి. ఫిడేలుకు ఆ సౌకర్యం లేదు. నున్నని పలకపై వ్రేలు ఎక్కడ ఆగవలెనో ప్రతిక్షణం చెప్పవలసినది చెవి ఒక్కటే. ఆ చెవినే నమ్ముకొని, మందగించిన చూపుతో, విజయనగరం పేరును దేశమంతటా వినిపించిన మహనీయుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. వారి జీవితాన్నీ, వారికి ఆధారమైన శ్రవణేంద్రియాన్నీ కలిపి పరిచయం చేయుట మా సంకల్పం.

నాయుడు గారు 1893 నవంబరు 8వ తేదీన బెంగుళూరులో జన్మించారు. పెరిగినది విశాఖపట్టణంలో. బాల్యంలోనే కంటిచూపు తగ్గిపోవడంతో బడిచదువు ముందుకు సాగలేదు. అన్నగారైన వెంకటకృష్ణయ్య నాయుడు గారు తమ్ముని చేతికి ఫిడేలునిచ్చి తొలి గురువైనారు. అక్షరాలు మసకబారిన ఆ బాలునికి స్వరాలు స్పష్టంగా గోచరించాయి.

చూపు లేనివారికి భగవంతుడు రెండవ చెవిని ప్రసాదిస్తాడని లోకంలో ఒక నమ్మకం ఉన్నది. శరీరశాస్త్రం అలా చెప్పదు. నాయుడు గారి చెవి నిర్మాణం మన చెవి నిర్మాణం వంటిదే. బయటి దొప్ప ధ్వనిని పోగుచేసి, సుమారు రెండున్నర సెంటీమీటర్ల నాళం గుండా కర్ణభేరికి చేరుస్తుంది. కర్ణభేరి కంపించగానే దాని వెనుక గొలుసుకట్టుగా ఉన్న మూడు చిన్న ఎముకలు కదులుతాయి. సుత్తిని పోలినది కూటకం, కమ్మరి పట్టెడను పోలినది దాగలి, గుఱ్ఱపు రికాబును పోలినది అంకవన్నె. మన దేహంలోకెల్ల చిన్న ఎముక ఈ అంకవన్నెయే. దాని పొడవు సుమారు 3 మిల్లీమీటర్లు. వెడల్పైన కర్ణభేరిపై పడిన ఒత్తిడిని ఈ ఎముకలు ఒక చిన్న గవాక్షంపై కేంద్రీకరించి, బలం పెంచి లోపలి చెవికి అందిస్తాయి.

లోపలి చెవిలో నత్తగుల్ల వలె చుట్టుకొన్న కర్ణావర్తం ఉన్నది. అది ద్రవంతో నిండి ఉంటుంది. అందలి సూక్ష్మ రోమకణాల అమరికను ఇటలీ శాస్త్రజ్ఞుడు అల్ఫాన్సో కోర్టి 1851లో వివరించాడు. ద్రవంలో లేచిన అల హెచ్చు స్థాయి స్వరమైతే కర్ణావర్తపు మొదట, మంద్రమైతే కొనకు దగ్గరగా ఉధృతమవుతుంది. ఈ రహస్యాన్ని వెల్లడించినందుకు బెకెషీ అను శాస్త్రవేత్త 1961లో నోబెల్ బహుమతి పొందాడు. ఒక విధంగా చూస్తే ప్రతి మనిషి చెవిలోనూ మెట్లు కట్టిన ఒక వీణ ఉన్నది. రోమకణాలు ఆ కదలికను విద్యుత్సంకేతాలుగా మార్చగా, శ్రవణనాడి వాటిని మెదడుకు చేరవేస్తుంది. వినడమనే క్రియ నిజంగా పూర్తయ్యేది అక్కడే. సాధనతో పదునెక్కేది కూడా మెదడులోని ఆ గ్రహణశక్తియే.

నాయుడు గారి జీవితం ఇందుకు నిదర్శనం. 1919లో మహారాజా విజయరామ గజపతి విజయనగరంలో సంగీత కళాశాలను స్థాపించగా, హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులైనారు. విద్యార్థిగా చేరవచ్చిన నాయుడు గారి వాదనం విని వారిని అధ్యాపకునిగానే నియమించారని చెప్పుకుంటారు. 1936లో నాయుడు గారే ఆ కళాశాల అధ్యక్షులైనారు. తదుపరి కాలంలో గాయకులుగా వాసికెక్కిన ఘంటసాల వెంకటేశ్వరరావు గారు ఆ కళాశాల విద్యార్థియే.

అప్పటివరకు మన కచేరీలలో ఫిడేలు ప్రధానంగా గాయకుని వెన్నంటి నడిచే పక్కవాద్యం. నాయుడు గారు 1938లో వెల్లూరులో ఫిడేలునే ప్రధాన వాద్యంగా నిలిపి కచేరీ చేశారు. తంతిపై వ్రేలు ఒక మిల్లీమీటరు జరిగినా శ్రుతి మారుతుంది. పై స్థాయికి పోయినకొలదీ ఆ మార్పు మరింత పెరుగుతుంది. చెవి హెచ్చరించగా వ్రేలు సవరించుకొనే ఆ లిప్తపాటు వ్యవహారాన్ని వారు జీవితాంతం సాధన చేశారు. పాశ్చాత్య ఫిడేలు విద్వాంసుల కమాను పట్టును కూడా శ్రద్ధగా విని, తమ సంప్రదాయానికి తగినంత మేరకు గ్రహించారు. 1941లో మద్రాసు సంగీత విద్వత్సభ వారి సంగీత కళానిధి బిరుదు, 1957లో పద్మశ్రీ వారిని వరించాయి. 1964 నవంబరు 25వ తేదీన వారు కీర్తిశేషులైనారు. శతజయంతి సందర్భంగా 1993లో భారత తపాలా శాఖ వారి స్మారక బిళ్ళను వెలువరించింది.

ఈ జీవితాన్ని చదివినప్పుడెల్ల మాకు మా తరగతి గదిలోని ఒక సంఘటన గుర్తుకు వస్తుంది. వెనుక బల్లపై కూర్చొని, పిలిచినా పలుకని ఒక విద్యార్థిని అశ్రద్ధపరుడని పలుమార్లు మందలించాము. అతనికి ఒక చెవి వినబడదని సంవత్సరాంతంలో గాని మాకు తెలియలేదు. ముందు బల్లకు మార్చిన పిమ్మట అతడు చక్కగా పాఠాలు విన్నాడు. నాటి బడి చూపు తగ్గిన ఒక బాలుని నిలుపుకొనలేకపోయింది. నేడు మేము వినికిడి తగ్గిన ఒకనిని దాదాపు పోగొట్టుకొన్నాము. అతనికి అన్నగారి ఫిడేలు వంటి ఆసరా లేదు. కావున ప్రతి విద్యాసంవత్సరారంభంలో విద్యార్థులందరికీ కంటిపరీక్షతో పాటు చెవిపరీక్ష కూడా జరిపించవలసినదిగా కళాశాల పాలకవర్గమువారికి సవినయంగా మనవి చేస్తున్నాము.

విద్యార్థులకు మరొక మాట. మానవుని చెవిలోని రోమకణాలు నశించిన పిమ్మట తిరిగి మొలకెత్తవు. ఊరేగింపులలో శబ్దపేటికల ఎదుట గంటల తరబడి నిలుచుట, చెవులలో శ్రవణ యంత్రాలు దూర్చుకొని హెచ్చు స్థాయిలో పాటలు వినుట, అగ్గిపుల్లలతో చెవిని గెలుకుట – ఇవన్నీ మన వీణకు మనమే చేసుకొనే అపచారాలు. తెగిన తంతిని మార్చుకొనవచ్చును. చెవిలోని మెట్లను తిరిగి కట్టగల శిల్పి గొల్లపల్లిలో గాని, మరెక్కడ గాని ఇంకను పుట్టలేదు.

ద్వారం అన్నది నాయుడు గారి ఇంటిపేరు. ఒక ద్వారం మూసుకొనిపోగా మరియొక ద్వారాన్ని పూర్తిగా తెరచుకొన్న ధన్యజీవి వారు. మనకు రెండు ద్వారాలూ తెరచియే ఉన్నాయి. వాటిని కాపాడుకొనుట, మూసుకొనిపోయిన తోటివానికి మన పక్కన చోటిచ్చుట వారి స్మృతికి మనం చేయగల సత్కారం.