సుబ్బారావుగారి మందు, మన పిల్లల జ్వరం



యాదగిరిగుట్ట చుట్టుపక్కల సంఘాల్లో సేవచేసే కాపరులకు బాగా తెలిసిన దృశ్యం ఒకటుంది. వానాకాలపు ఆదివారం, ఆరాధన ముగిసే వేళకు ఒక తల్లి ఒళ్లు కాలిపోతున్న బిడ్డను ఎత్తుకొని వస్తుంది. ఒంటినిండా దద్దుర్లు. అమ్మవారు పోసిందని, వేపాకు పరిచి పడుకోబెట్టమని ఇరుగుపొరుగువారు అప్పటికే చెప్పి ఉంటారు. మనం తలమీద చేయి ఉంచి ప్రార్థించి ఇంటికి పంపుతాం. మేమూ అలా పంపినవాళ్లమే. అందుకే ఈ వారం ఒక తెలుగు వైద్యుని జీవితాన్ని జ్ఞాపకం చేసుకుంటున్నాం.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు వేసుకున్నందుకు ఒక ఆచార్యునికి కోపం తెప్పించి, ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువ పట్టాతో బయటికి వచ్చారు. స్ప్రూ అనే పేగు వ్యాధి ఆయన అన్నదమ్ములిద్దరిని తీసుకుపోయింది. ఆ దుఃఖం ఆయనను పరిశోధన వైపు నడిపించింది.

1923లో భార్యను ఇంటివద్ద విడిచి అమెరికా వెళ్లి, హార్వర్డ్‌లో చేరారు. పొట్టకూటికి ఆసుపత్రిలో చిన్న పనులు చేశారు. మరి తిరిగి రాలేదు. ఫిస్క్‌తో కలిసి, రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించారు. 1940లో లెడర్లీ సంస్థలో చేరాక ఆయన నడిపిన పరిశోధకులు ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేశారు. తమ్ముడిని, అన్నను బలిగొన్న ఆ వ్యాధికే అది మందుగా పనికివచ్చింది. బోదకాలుకు హెట్రజాన్ కూడా అక్కడే పుట్టింది. 1948లో ఆయన పర్యవేక్షణలో డుగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ వెలుగులోకి వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో, 53 ఏళ్లకే, సుబ్బారావుగారు నిద్రలో కన్నుమూశారు.

ఆరియోమైసిన్ టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు. అమెరికాలో పిడుదులు కుట్టి వచ్చే దద్దుర్ల జ్వరం మీద అది ఆ ఏడాదే పనిచేసి చూపించింది. దాని తరువాతి తరం మందైన డాక్సీసైక్లిన్‌ను నేడు మన దగ్గర స్క్రబ్ టైఫస్‌కు వాడుతున్నారు. పొదల్లో ఉండే, కంటికి ఆనని పురుగు కుట్టడం వల్ల ఆ జ్వరం వస్తుంది. చంకలో, గజ్జల్లో, చెవి వెనుక కాలిన మచ్చలాంటి నల్లటి పెచ్చు కనబడితే వైద్యుడు దాన్ని అనుమానిస్తాడు. అందుకే బిడ్డ బట్టలన్నీ విప్పి చూడాలి.

దద్దుర్లున్న ప్రతి జ్వరమూ ప్రమాదం కాదు. అయితే అత్యవసర విభాగంలో మచ్చలకంటే ముందు బిడ్డనే చూస్తారు. ఎగశ్వాస ఉందా? చేతులు, కాళ్లు చల్లబడ్డాయా? గోరు నొక్కి వదిలితే రంగు వెంటనే తిరిగి వస్తోందా? పిలిస్తే పలుకుతుందా, పాలు తాగుతుందా? ఆ తరువాతే దద్దుర్ల సంగతి. గాజుగ్లాసును మచ్చమీద అదిమితే చాలా దద్దుర్లు మాయమవుతాయి. మాయం కాకపోతే చర్మం కింద రక్తం చిమ్మినట్టు, ఆలస్యం చేయకూడదు. నల్లని ఒంటిమీద మచ్చలు తేలిగ్గా కనబడవు గనుక అరచేతులు, అరికాళ్లు, కింది కనురెప్ప లోపల చూడాలి. మెడ బిగుసుకోవడం, ఫిట్స్, మగత, ఆగని వాంతులు, మూత్రం తగ్గడం కూడా ప్రమాద గుర్తులే. డెంగీలో జ్వరం తగ్గిన రోజే గండం మొదలు కావచ్చు, జ్వరం పోయిందని నిశ్చింతగా ఉండకూడదు.

సుబ్బారావుగారు మన విశ్వాసి కాదు. అయినా అన్నదమ్ముల మరణాన్ని మోసుకుంటూ జీవితకాలం పనిచేసి, ఆ ఫలాన్ని ఎవరెవరి పిల్లలకో ఇచ్చి వెళ్లారు. ఆ మందు భువనగిరి ఆసుపత్రిలో, బీబీనగర్ ఎయిమ్స్‌లో ఉండి ఏం లాభం, బిడ్డ మన గుడి మెట్లమీదే ఆగిపోతే?

కాపరులారా, ప్రార్థించండి. కాని బండిలో కూర్చొని ప్రార్థించండి. ముందు 108కి ఫోను చేయండి, ఆ తల్లి వెంట మీరూ వెళ్లండి. పౌలు ప్రియుడని పిలుచుకున్న లూకా వైద్యుడేనని మరచిపోవద్దు.