బరూచ్ బ్లంబర్గ్

బరూచ్ శామ్యూల్ బ్లంబర్గ్ (జూలై 28, 1925 - ఏప్రిల్ 5, 2011) అమెరికాకు చెందిన సుప్రసిద్ధ వైద్య శాస్త్రవేత్త. హెపటైటిస్ బి వైరస్‌కు సంబంధించిన ఆవిష్కరణకు గాను 1976లో డేనియల్ కార్లెటన్ గాజ్డుసెక్‌తో కలిసి నోబెల్ బహుమతి పొందాడు. కామెర్లకు భారతదేశంలో వాడే నేల ఉసిరిని ఈ వైరస్‌పై పరీక్షించిన వారిలో ఇతడు ఒకడు.

జీవిత విశేషాలు

బ్లంబర్గ్ న్యూయార్క్ నగరంలో జన్మించాడు. 1951లో కొలంబియా విశ్వవిద్యాలయం నుండి వైద్య పట్టా, 1957లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందాడు. 1964లో ఫిలడెల్ఫియాలోని కాన్సర్ పరిశోధన సంస్థలో చేరాడు.

వైరస్ ఆవిష్కరణ

వివిధ జాతుల ప్రజల రక్తంలోని భేదాలను అధ్యయనం చేస్తుండగా, ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తంలో అంతవరకు తెలియని ప్రోటీను ఇతడికి కనిపించింది. దీనికి ఆస్ట్రేలియా యాంటిజెన్ అని పేరు పెట్టి, హార్వే ఆల్టర్ తదితరులతో కలిసి 1965లో ప్రకటించాడు. అది హెపటైటిస్ బి వైరస్ పైపొరకు చెందినదని తరువాత తేలింది. దీనితో రక్తదాతలను ముందుగానే పరీక్షించడం సాధ్యమైంది. 1969లో ఇర్వింగ్ మిల్‌మన్‌తో కలిసి టీకా తయారీ విధానాన్ని రూపొందించాడు.

నేల ఉసిరి పరీక్షలు

టీకా వ్యాధి రాకుండా కాపాడుతుంది గానీ, అప్పటికే వైరస్ శరీరంలో స్థిరపడిన వారికి ఉపయోగపడదు. వీరిలో కొందరికి కాలక్రమంలో కాలేయ కాన్సర్ వస్తుంది. అందుచేత బ్లంబర్గ్ బృందం సంప్రదాయ వైద్యంలోని మొక్కలను పరిశీలించింది. నేల ఉసిరి సారం వైరస్‌లోని డి.ఎన్.ఏ. పాలిమరేజ్ అనే ఎంజైమును ప్రయోగశాలలో నిరోధిస్తున్నట్లు 1987లో ప్రకటించింది.

మద్రాసులో ఎస్.పి.త్యాగరాజన్ బృందంతో కలిసి రోగులపై జరిపిన పరీక్ష ఫలితాలు 1988లో లాన్సెట్ పత్రికలో వెలువడ్డాయి. ఈ మొక్క పొడిని 200 మి.గ్రా. చొప్పున రోజుకు మూడుసార్లు, 30 రోజులపాటు ఇచ్చారు. తీసుకున్న 37 మందిలో 22 మంది రక్తం నుండి యాంటిజెన్ తొలగిపోయింది. మందు లేని గుళికలు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. అయితే ఈ రెండవ వర్గంలో పలువురు తుది పరీక్షకు రాలేదు.

ఈ ఫలితాలు ఎంతో ఆశ కలిగించినప్పటికీ, 1990లో థాయిలాండ్‌లో జరిపిన పరీక్షలో అవి పునరావృతం కాలేదు. అప్పటివరకు జరిగిన పరీక్షలను పరిశీలించిన 2011 నాటి కోక్రేన్ సమీక్ష కూడా తగిన ఆధారాలు లేవని తేల్చింది. కనుక నేల ఉసిరి హెపటైటిస్ బికి నిరూపితమైన చికిత్స కాదు. రక్తపరీక్ష, టీకా మాత్రం ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చాయి.

చివరి దశ

1989 నుండి 1994 వరకు ఆక్స్‌ఫర్డ్‌లోని బేలియల్ కళాశాలకు అధిపతిగా ఉన్నాడు. 2011లో కాలిఫోర్నియాలో మరణించాడు. ఇతడి జన్మదినమైన జూలై 28ని ప్రపంచ హెపటైటిస్ దినంగా పాటిస్తారు.