ఒక్క ప్లేటు, ఎన్నో రంగులు

తార్నాక జిరాక్స్ షాపులో లైన్లో నిల్చున్నప్పుడల్లా నాకు కృష్ణారెడ్డి గారు గుర్తొస్తారు. అసలు ఉంటేనే విలువ, కాపీకేముంది అనుకునేవాణ్ణి మరి.

1925లో చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టారాయన. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదువు, తర్వాత లండన్, ఆపైన పారిస్. అక్కడ హేటర్ నడిపే అటెలియే 17లో ఆట మొదలైంది. ఆటేమిటంటే, మనం ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో మార్కుల కోసం బట్టీ కొట్టే విస్కాసిటీ! మామూలుగా రంగుకో ప్లేటు కావాలి. ఈయన ఒకే ప్లేటుని ఎత్తుపల్లాలుగా చెక్కేవారు. గట్టి రోలరుతో పల్చటి ఇంకు ఎత్తుల మీద, మెత్తటి రోలరుతో చిక్కటి ఇంకు పల్లాల్లో. పల్చటిదాని మీద చిక్కటిది అంటదు. రంగులన్నీ ప్రెస్సులో ఒక్కసారే అచ్చు పడతాయి.

1972లో పద్మశ్రీ, 1976లో న్యూయార్క్ కాపురం. 1981 నాటి ‘గ్రేట్ క్లౌన్’ సర్కస్ బఫూన్ బొమ్మ. ప్లేటు అదే, రంగులు మారిస్తే బఫూనూ మారిపోతాడు. ఇందులో అసలేది, కాపీ ఏది? నాకైతే తేలలేదు. 2018లో న్యూయార్క్‌లోనే పోయారు.

మొన్న ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుని రబ్బరు ముక్క మీద నా పేరు చెక్కి అచ్చేశా. తిరగబడి వచ్చింది. అదీ నేనేనట!