సీసాపై లేని పేరు

నేను పుట్టింది మెండోరలో. శ్రీరాంసాగర్ ఆనకట్టకు దగ్గరి ఊరు. మక్క, పసుపు, ఎర్రజొన్న పండే నేల. మా నాయన ఈత గీసేవాడు. మోకు, ముస్తాదు మా ఇంట్లో దేవుడి పటాల పక్కనే వేలాడేవి. నేను చెట్టెక్కలేదు. రసాయనశాస్త్రంలో డిగ్రీ చదివి, ఒక డిస్టిలరీ ప్రయోగశాలలో కొన్నేళ్లు పనిచేశాను. ఊట ఎలా పులుస్తుందో, ఆవిరి ఏ వేడి దగ్గర మద్యమవుతుందో అక్కడే నేర్చుకున్నాను. మా ఊరి మక్కలతో ఒక చిన్న విస్కీ బట్టీ పెట్టుకోవాలన్న ఆలోచన అప్పుడే పుట్టింది. దానికోసం చదువుతున్న రోజుల్లో నాకు ఎదురైన మనిషి నేథన్ గ్రీన్. అందరూ ఆయనను నియరెస్ట్ అని పిలిచేవారు.

జాక్ డేనియల్స్ అనే అమెరికా విస్కీ పేరు వినని విద్యార్థి మన విశ్వవిద్యాలయ వసతిగృహాల్లో బహుశా ఉండడు. ఆ జాక్ డేనియల్ ఒక మనిషి. విస్కీ కాయడం అతనికి నేర్పింది బానిసత్వంలో ఉన్న ఒక నల్లజాతి పనివాడు. ఆ గురువు జీవితాన్ని కులం గురించి రాసే పుటలో చెప్పుకోవడం అసందర్భమని ఎవరైనా అనుకుంటే, జోతిరావు ఫూలే 1873లో తన గులాంగిరిని ఎవరికి అంకితమిచ్చాడో గుర్తు చేసుకోవాలి. నల్లవారి బానిసత్వాన్ని తొలగించడానికి పోరాడిన అమెరికా ప్రజలకే ఆయన దాన్ని అంకితమిచ్చాడు.

గ్రీన్ 1820 ప్రాంతంలో మేరీలాండ్‌లో జన్మించాడు. అంతర్యుద్ధానికి ముందటి దశాబ్దంలో ఆయన టెన్నెసీ రాష్ట్రంలోని లింకన్ కౌంటీలో కనిపిస్తాడు. చట్టం దృష్టిలో ఆయన ఒక వ్యాపార సంస్థ ఆస్తి. ఆ సంస్థ ఆయనను డాన్ కాల్ అనే వ్యక్తికి కిరాయికిచ్చింది. కాల్‌కు పొలం, కిరాణా దుకాణం, విస్కీ బట్టీ ఉండేవి. ఆదివారం నాడు లూథరన్ చర్చిలో ప్రసంగం కూడా చేసేవాడు. గ్రీన్ చేతి పనికి వచ్చే కిరాయి యజమానికి పోయేది, విస్కీ అమ్మిన డబ్బు కాల్‌కు పోయేది. పని మాత్రం గ్రీన్‌ది.

ఇంట్లో ఇమడలేక వచ్చేసిన ఒక తెల్ల బాలుడు కాల్ పొలంలో చిన్నాచితకా పనులకు కుదిరాడు. అతనే జాక్. చెట్ల మధ్య నుంచి లేచే పొగ ఆ పిల్లవాడిని ఆకర్షించింది. తనకు తెలిసినవారిలో ఇంతకన్న మంచి పనివాడు లేడని చెప్పి కాల్ అతన్ని గ్రీన్‌కు అప్పగించాడనీ, పని నేర్పమన్నాడనీ 1967లో వెలువడిన జాక్ జీవితచరిత్ర చెబుతుంది. తెల్ల పిల్లవాడు శిష్యుడు, బానిస గురువు. ఆ కాలానికి అదొక తలకిందుల దృశ్యం. అయినా బట్టీ దగ్గర మరో దారి లేదు, ఎందుకంటే తెలిసినవాడు ఆయనే.

ఆయనకు తెలిసినదేమిటో కొంత వివరంగా చెప్పాలి. చేతిపని అనే చిన్నమాటతో ఇలాంటి విద్యను తీసిపారేయడం మనకు అలవాటు. టెన్నెసీ విస్కీలో ప్రధాన ధాన్యం మక్కజొన్న. నేటి నిబంధన ప్రకారం అది సగానికి మించి, అంటే కనీసం 51 శాతం ఉండాలి. మక్కల్ని పిండిచేసి ఉడికించాలి. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ కలిపితే ఆ మొలకలోని గుణం పిండిని తీపిగా మారుస్తుంది. ఆ తీపిని ఈస్టు తిని మద్యం చేస్తుంది. పులిసిన ఊటను బట్టీకెక్కిస్తారు. మద్యం 78 డిగ్రీల వద్ద మరుగుతుంది, నీరు 100 దగ్గర. ఈ తేడాయే బట్టీ రహస్యమంతా. మొదట దిగేది ఘాటైనది, చెడ్డది, దాన్ని పారబోయాలి. చివర దిగేది నీచువాసన కొడుతుంది, దాన్ని వేరుచేయాలి. నడిమిది పట్టుకోవాలి. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి అన్నది గ్రీన్ కాలంలో ముక్కు, నాలుక, అనుభవం చెప్పవలసిందే.

తరువాతి దశ టెన్నెసీకి ప్రత్యేకం. షుగర్ మేపుల్ కర్రను కాల్చి బొగ్గు చేసి, దాన్ని నలగ్గొట్టి తొట్టెల్లో మనిషి ఎత్తును మించి నింపుతారు. కొత్త విస్కీని దానిమీద చుక్కచుక్కగా వదులుతారు. మొరటుదనం బొగ్గులో ఉండిపోతుంది, మెత్తని విస్కీ కిందికి దిగుతుంది. దాన్ని లోపల కాల్చిన ఓకు పీపాల్లో ఏళ్ల తరబడి నిలవ ఉంచుతారు. బొగ్గుతో నీటిని శుద్ధిచేసుకునే పశ్చిమాఫ్రికా పద్ధతి బానిసలతోపాటు ఇక్కడికి వచ్చి ఇలా మారిందని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. దాని పుట్టుక ఏదైనా, గ్రీన్ ఈ పనిలో ఆరితేరినవాడు. ఆ విస్కీని మిగిలిన వాటి నుంచి వేరుచేసే లక్షణం కూడా ఈ బొగ్గువడపోతే.

1865లో పదమూడో రాజ్యాంగ సవరణతో బానిసత్వం రద్దయింది. మద్యం వ్యాపారం మానుకోవాలని కాల్‌పై చర్చివారి ఒత్తిడి పెరిగింది. బట్టీ జాక్ చేతికి వచ్చింది. కంపెనీ చెప్పుకునే లెక్కలో దాని పుట్టిన సంవత్సరం 1866. ఆ బట్టీకి మొదటి పెద్దగా, వారి భాషలో మాస్టర్ డిస్టిలర్‌గా, జాక్ నియమించుకున్నది తన గురువునే. నిన్నటిదాకా కిరాయి వస్తువైన మనిషి స్వేచ్ఛాజీవిగా జీతం తీసుకుని అదే పని చేశాడు. అమెరికాలో ఆ హోదాలో నమోదైన తొలి ఆఫ్రికన్ అమెరికన్ ఆయనే. భార్య హారియట్, పెద్ద సంతానం. ఫిడేలు బాగా వాయించేవాడట. కొడుకులు జార్జి, ఎలై అదే బట్టీలో పనిచేశారు, ఆ తరువాత మనుమలు, మునిమనుమలూ పనిచేశారు.

జాక్‌ను దొంగగా చూపడం అన్యాయం. అతడు గురువును దాచలేదు. 1904 ప్రాంతపు ఒక ఛాయాచిత్రంలో పనివాళ్ల నడుమ జాక్ కూర్చుని ఉంటాడు. అతని పక్కనే ఒక నల్లజాతి వ్యక్తి ఉంటాడు. ఆయన గ్రీన్ కొడుకు జార్జి అని భావిస్తున్నారు. వివక్ష చట్టాలు బిగుసుకుంటున్న ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. అయినా సీసాపై ఎక్కింది ఒక్క పేరే. జాక్ 1911లో చనిపోయాడు. బట్టీ మేనల్లుడికి, 1956లో ఒక పెద్ద సంస్థకు చేరింది. కంపెనీ చెప్పుకునే కథలో పాస్టరు మిగిలాడు, బాలుడు మిగిలాడు, గురువు మిగలలేదు. 1967 నాటి పుస్తకంలో గ్రీన్ ఉన్నాడు. అయినా అర్ధశతాబ్దంపాటు ఎవరూ పట్టించుకోలేదు. 2016లో న్యూయార్క్ టైమ్స్ ఆ కథను మళ్లీ రాసింది. ఫాన్ వీవర్ అనే నల్లజాతి రచయిత్రి ఆ ఊరికి వెళ్లి దస్తావేజులు, వారసుల జ్ఞాపకాలు కూడగట్టింది. 2017లో కంపెనీ ఆయనను తన తొలి మాస్టర్ డిస్టిలర్‌గా అధికారికంగా అంగీకరించింది. అదే ఏడు వీవర్ ఆయన పేరుతో మరో విస్కీని తెచ్చింది. దాని రుచిని కూర్చే బాధ్యత ఆయన ముని మనుమరాలి కూతురు విక్టోరియా ఈడీ బట్లర్‌కు దక్కింది.

ఈ జీవితం చదివిన నాకు కొత్తగా అనిపించినది తక్కువ. గోదావరి దాటితే ఆదిలాబాద్ అడవులు. వేసవి మొదట్లో తెల్లవారుజామున రాలే ఇప్పపూలను ఏరి, ఎండబెట్టి, కుండమీద కుండ పెట్టి సారా దించడం అక్కడి గోండులకు తరతరాల విద్య. నిజాం పాలనలో ఆబ్కారీ గుత్తకు పోయింది. గుత్త పట్టినవాడు దొర లేదా షావుకారు; తన ఇంటికి తాను కాచుకున్నవాడు నేరస్థుడు. బ్రిటిష్ బొంబాయి ఒక అడుగు ముందుకు వేసి, 1892లో ఠాణా, కొలాబా జిల్లాల్లో ఇప్పపూలు దాచుకోవడాన్నే కట్టడి చేస్తూ చట్టం తెచ్చింది.

మా జిల్లాలో 1937లో బోధన్ దగ్గర నిజాం చక్కెర ఫ్యాక్టరీ వెలసింది. చెరకు పిండగా మిగిలిన మొలాసిస్ నుంచి స్పిరిట్ తీయడం ఇక్కడివారికి కొత్త పరిశ్రమ అయింది. మన దేశంలో విస్కీ పేరుతో అమ్ముడయ్యే సీసాల్లో ఎక్కువ భాగం ఈ మొలాసిస్ స్పిరిటే. ఐరోపాలో దాన్ని విస్కీ అని అమ్మనివ్వరు. అదే బెల్లాన్ని ఊరవేసి తండాలో కాస్తే గుడుంబా, దానికి కేసు. గుడుంబా మానుకున్న కుటుంబాలకు ప్రభుత్వం పునరావాసం కింద ఆటోలు, పాడిపశువులు, కిరాణా కొట్లు ఇచ్చింది. వాటితో బతికినవారున్నారు, కాదనను. ఆ కుటుంబాలకు తెలిసిన పనిని శుభ్రంగా, చట్టబద్ధంగా చేసుకునే దారి మాత్రం ఆ జాబితాలో లేదు.

2021 నుంచి తెలంగాణ మద్యం దుకాణాల్లో గౌడులకు 15, ఎస్సీలకు 10, ఎస్టీలకు 5 శాతం రిజర్వేషన్ ఉంది. మంచిదే. ఆ వాటా చిల్లర దుకాణాలకే. ఎవరో కాచి నింపిన సీసాను కౌంటరు మీదుగా అందించే హక్కు అది. హైదరాబాదులో అక్కడే బీరు కాచి అక్కడే పోసే మైక్రో బ్రూవరీలు వచ్చాయి. వాటికి పెట్టుబడి ఎవరి దగ్గరుంటుందో చెప్పనవసరం లేదు. మా ప్రాంతంలో మరో అంతస్తు ఉంది, గ్రామాభివృద్ధి కమిటీ. కల్లు అమ్ముకోవడానికి ఊరికి ఇంత కట్టాలని అది తీర్మానిస్తుంది. కట్టలేమన్న గౌడు కుటుంబాలను వెలివేసిన ఊళ్ల వార్తలు ఈ పాఠకులకు కొత్త కావు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, రావాలి కూడా. 1992లో దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమాన్ని నడిపింది దళిత, బహుజన స్త్రీలే. ఏ ఇంట్లోనైనా మద్యం చేసిన నష్టం మొదట స్త్రీకే తెలుస్తుంది. నా బట్టీ ఆలోచన విని మా అమ్మ నెల రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. ఆమెకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. నేను అడిగేది తాగుడు పెంచమని కాదు. రాష్ట్రం మద్యాన్ని నిషేధించదు, దాని మీదే ఖజానా నింపుకుంటుంది. అలాంటప్పుడు కాచే హక్కు ఎవరికన్నది కుల ప్రశ్నే అవుతుంది. మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఇప్ప సారాను వారసత్వ మద్యంగా గుర్తించి, దాన్ని తయారుచేసే పనిని ఆదివాసీ స్వయం సహాయక సంఘాలకే ఇచ్చింది. అంటే అసాధ్యమేమీ కాదు.

గ్రీన్‌కూ మాకూ ఒక తేడా ఉంది. ఆయనను పని కోసం కిరాయికిచ్చారు. మమ్మల్ని పుట్టుకతోనే పనికి కట్టేశారు. అందుకే మా తరంలో చాలామంది మోకు వదిలేయడాన్నే విముక్తి అనుకున్నారు. నాయన కూడా నన్ను చెట్టెక్కనీయలేదు.

నా ప్రతిపాదన ఇంకా కాగితాల మీదే ఉంది. డిస్టిలరీలో ఉద్యోగం చేసే రోజుల్లో ఒకసారి నాయన నన్ను చూడటానికి వచ్చాడు. పాసు లేదని గేటు దగ్గరే ఆపారు. నేను వచ్చేసరికి గోడ పక్కన నిలబడి గాలి పీలుస్తున్నాడు. ఊట ఇంకా పొంగు మీదే ఉందనీ, ఇవాళ ఎక్కిస్తే చెడుతుందనీ అన్నాడు. లోపలికి వెళ్లి మీటరు చూశాను. ఆ తొట్టెను మరో రోజు ఆపాలని రాసి ఉంది.