కార్మికబంధువు వరాహగిరి వేంకటగిరి

పనిచేయ గలవానికి పని దొరకుట యొక భాగ్యము. ఆ పని నిలుకడగా నుండుట, దానికి తగిన వేతనము లభించుట, పనివానిని సాటి మనుష్యునిగా చూచుట అంతకంటె గొప్ప భాగ్యములు. ఇవి దయాధర్మముగా గాక న్యాయముగా కార్మికులకు లభింపవలెనని జీవితమంతయు పాటుపడిన తెలుగువారిలో వరాహగిరి వేంకటగిరిగారు అగ్రగణ్యులు.

గిరిగారు 1894 ఆగస్టు 10వ తేదీన బరంపురమున జన్మించిరి. నాడు ఆ పట్టణము మద్రాసు రాజధానిలోని గంజాము జిల్లాలో చేరియుండెను. నేడది ఒడిశాలో నున్నది. తండ్రి జోగయ్య పంతులుగారు పేరుపొందిన న్యాయవాది. తల్లి సుభద్రమ్మగారు. స్వస్థలమున విద్య ముగించి, న్యాయశాస్త్రము నభ్యసించుటకై గిరిగారు 1913లో ఐర్లండు దేశమందలి డబ్లిన్ నగరమునకు వెళ్లిరి.

ఆ సంవత్సరముననే డబ్లిన్ నగరమున ఘోరమైన కార్మిక సంక్షోభము చెలరేగెను. సంఘమును విడువని కార్మికులను యజమానులు పనిలోనికి రానీయలేదు. వేలకొలది కుటుంబములు నెలల తరబడి ఆకలితో నలమటించెను. ఆ కార్మికులకు నాయకుడైన జేమ్స్ కానలీ 1916లో ఐరిష్ స్వాతంత్ర్య సమరమున మరణదండనకు గురియయ్యెను. ఐరిష్ దేశభక్తులతో సంబంధము కలదను అనుమానముచే గిరిగారును ఆ యేడే ఆ దేశమును విడువవలసి వచ్చెను. న్యాయవాది కాగోరి వెళ్లిన యువకుడు దేశభక్తియు, కార్మికులయెడ అనురాగమును హృదయమున నింపుకొని తిరిగివచ్చెను.

బరంపురమున న్యాయవాదవృత్తి బాగుగనే సాగినను, గాంధీమహాత్ముని పిలుపు విని వారు సహాయ నిరాకరణోద్యమమున చేరి, 1922లో కారాగారవాస మనుభవించిరి. పిదప వారి దృష్టి రైల్వే కార్మికులపై ప్రసరించెను. ఖరగ్‌పూరులోని బెంగాలు నాగపూరు రైల్వే కర్మశాలలో తెలుగువారు పెక్కుమంది పనిచేయుచుండిరి. 1927 ప్రాంతమున కంపెనీవారు ఖర్చు తగ్గించుకొను నెపమున పలువురను పనినుండి తొలగింప బూనిరి. గిరిగారు కార్మికులను కూడగట్టి శాంతియుతమైన సమ్మెను నడపిరి. ఆకలి పీడించుచున్నను కార్మికులు దౌర్జన్యమునకు దిగలేదు. తుదకు అధికారులు దిగివచ్చి వారి కోర్కెలను అంగీకరింపవలసి వచ్చెను. 1927లోనే గిరిగారు జెనీవా నగరమున జరిగిన అంతర్జాతీయ కార్మిక సమావేశమునకు భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్లిరి.

1937 నాటి ఎన్నికలలో వారు బొబ్బిలిరాజాను ఓడించి, రాజాజీ మంత్రివర్గమున కార్మిక, పరిశ్రమల శాఖలకు మంత్రులైరి. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత 1952లో లోక్‌సభకు ఎన్నికై, నెహ్రూ మంత్రివర్గమున కార్మికశాఖను స్వీకరించిరి. యజమానులు, కార్మికులు ఎదురెదురుగా కూర్చుండి మాటలాడుకొని తగవులు తీర్చుకొనుటయే మేలనియు, ప్రతి చిక్కునకును న్యాయస్థానమునకు పరుగిడుట తగదనియు వారి మతము. దీనికి గిరి విధానమని పేరు వచ్చెను.

ఆ దినములలో కర్మాగారములందు పని నిలిచిపోయినచో కార్మికుడు వట్టిచేతులతో ఇంటికి పోవలసినవాడే. ఈ దురవస్థను మాన్పుటకై 1953లో పారిశ్రామిక వివాదముల చట్టము సవరింపబడెను. ఏబదిమందికి తక్కువ కాని కర్మాగారమున, సంవత్సరమైనను ఎడతెగక పనిచేసినవానిని సరకు లేదనియో, బొగ్గు లేదనియో కొంతకాలము ఇంటికి పంపినచో సగము వేతన మీయవలెనని ఆ సవరణ విధించెను. ఉద్యోగమునుండి బొత్తిగా తొలగించినచో, చేసిన ప్రతి సంవత్సరమునకు 15 దినముల వేతనము చొప్పున నష్టపరిహారము చెల్లింపవలెను. నిరుపేద కుటుంబమునకు అది గొప్ప ఆధారము.

మరుసటి యేడు గిరిగారికి కఠినమైన పరీక్ష ఎదురయ్యెను. బ్యాంకు ఉద్యోగుల వేతనములను గూర్చిన వివాదము చాలకాలము విచారణలో నలిగెను. 1954లో అప్పీలు ట్రిబ్యునలు తన తీర్పు చెప్పెను. అంత భారమును చిన్న బ్యాంకులు మోయజాలవని తలచి, ప్రభుత్వము ఆగస్టులో ఆ తీర్పును ఉద్యోగులకు నష్టము కలుగునట్లు మార్చెను. గిరిగారు దీనికి సమ్మతింపలేదు. న్యాయస్థానములకంటె సంప్రదింపులే మేలని నమ్మినవారే యైనను, సమ్మె మాని తీర్పుకు కట్టుబడుమని కార్మికునికి చెప్పిన ప్రభుత్వము తానే తీర్పును తప్పుట ధర్మము కాదని వారు భావించిరి. ఒకమారు నమ్మకము చెడినచో ఎంత మంచి చట్టమైనను కాగితముగనే మిగులును. కావున మంత్రిపదవిని వీడి బయటికి వచ్చిరి.

ఆ త్యాగము వ్యర్థము కాలేదు. ప్రభుత్వము ఈ విషయమును పరిశీలించుటకు ఒక సంఘమును నియమించెను. న్యాయమూర్తి గజేంద్రగడ్కరుగారు ఇచ్చిన నివేదిక ననుసరించి 1955లో చట్టము వెలువడి, ట్రిబ్యునలు తీర్పు చాలవరకు మరల అమలునకు వచ్చెను.

అనంతరము గిరిగారు ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రములకు గవర్నరులుగను, 1967లో ఉపరాష్ట్రపతిగను, 1969 నుండి 1974 వరకు రాష్ట్రపతిగను ఉండిరి. అంతటి పదవిలో నున్నను నిరుద్యోగుల మాట మరువలేదు. కోట్లకొలది జనులకు పని కల్పించు మార్గములను వివరించుచు గ్రంథము రచించిరి. 1975లో భారతరత్న బిరుదము వారిని వరించెను. 1980 జూను నెలలో మద్రాసున పరమపదించిరి. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు వారి పేరు పెట్టబడినది.

నేడు శంషాబాదు విమానాశ్రయమున సామానులు మోయువాడును, బడంగ్‌పేటలో ఇండ్లు కట్టు తాపీపనివాడును నాటి రైల్వే కార్మికునివలెనే రేపటి పనిని గూర్చి ఆలోచించుచుందురు. పరిశ్రమలు పెరుగుట దేశమునకు సంపద. ఆ సంపదను సృష్టించిన చేతులకు ఇచ్చిన మాట నిలుపుకొనుట దేశమునకు గౌరవము. ఆ మాటకై పదవిని తృణప్రాయముగా విడిచిన గిరిగారి జీవితము మనకెల్లరకు ఆదర్శప్రాయము.